కచేరీ మధ్యలో లేచి వచ్చేశాను, ఇంట్లో రికార్డింగే బాగుందనిపించింది. తప్పు చేశానా?

కోనసీమ శ్రోత:

అందరికీ నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నేను సంగీతం నేర్చుకోలేదు, వినడమే, ఆ వినడం కూడా నాన్నగారి వల్ల అబ్బింది. ఆయనకి ఇప్పుడు 76 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పులతో కింద కూర్చోలేరు, కుర్చీలో అయినా గంట దాటితే కష్టం, అందుకని కచేరీలకి రావడం మానేశారు. నేను ఒక్కణ్ణే వెళ్ళి వచ్చి ఏం పాడారో చెబుతాను.

మొన్న దసరాల్లో మా దగ్గర్లో ఒక గుడిలో గాత్ర కచేరీ పెట్టారు. పాడినావిడ మంచి విద్వాంసురాలు, ఇదివరకు విన్నాను. కానీ ఆ రోజు మైకు సెట్టు ఎంత ఘోరంగా ఉందంటే, ప్రతి మాటకీ ఎకో, మృదంగం దెబ్బ గుండెల మీద పడుతున్నట్టు, వయొలిన్ ఉందో లేదో తెలియదు, మధ్యమధ్యలో మైకు కూయడం, ఇవన్నీ కాక గుడి వెనకాల జనరేటర్. ఆవిడ తోడి రాగం ఆలాపన మొదలుపెట్టారు, పది నిమిషాలు ఓపిక పట్టాను, ఇంక నావల్ల కాలేదు. లేచి వచ్చేశాను. మొత్తం నలభై మంది ఉంటారేమో, నేను మూడో వరసలో ఉన్నాను, ఆవిడ చూసే ఉంటారు. అది తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంది.

ఇంటికొచ్చి వోలేటి వెంకటేశ్వర్లు గారి పాత రేడియో రికార్డింగ్ పెట్టుకున్నాను. మన రాజోలు మనిషి అనే అభిమానం ఒకటి ఎలాగూ ఉందనుకోండి, కానీ ఆ గొంతు, ఆ విరుపులు, పక్కన కూర్చుని పాడుతున్నట్టే ఉంది. అప్పుడనిపించింది, ఇంత మంచిది ఇంట్లో ఉండగా అక్కడికి వెళ్ళి తలనొప్పి తెచ్చుకోవడం దేనికి అని. మళ్ళీ వెంటనే, అందరూ ఇలాగే అనుకుంటే ఊళ్ళో పాడేవాళ్ళకి ఎదురుగా కూర్చునేది ఎవరని కూడా అనిపించింది. మీరేమంటారు?

ఇంకో సంగతి. నాన్నగారు 1979 నుంచి రేడియోలో రికార్డు చేసుకున్న కేసెట్లు 110 దాకా ఉన్నాయి, చాలామటుకు అరవై నిమిషాలవి. మన ఊళ్ళ చెమ్మ తెలుసు కదా, కొన్నిటిలో రీలు మీద తెల్లగా బూజు కనిపిస్తోంది. వీటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాలంటే ఎలాగో చెప్పండి. ఆయన ఇప్పుడు రోజంతా టీవీయే చూస్తున్నారు. 1996లో పాడుతా తీయగా మొదలైన దగ్గర్నుంచి బాలు గారు ఉన్నన్నాళ్ళూ ఆ కార్యక్రమం వచ్చేటప్పుడు మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. పిల్ల పాడిన పాటలో ఏ అక్షరం నలిగిందో బాలు గారు చెబుతుంటే నాన్నగారు ఇక్కడ తల ఊపేవారు. ఇప్పుడు వేరే చానెళ్ళలో వచ్చే పోటీలు చూసి, పాట సగం అయ్యేలోపు చప్పట్లు, ఏడుపులు, వెనకాల ఏవో మోతలు, విసుక్కుని సౌండ్ తీసేస్తారు. సౌండ్ లేకుండా పాట చూస్తూ కూర్చుంటారు. అది చూడటం నాకు కష్టంగా ఉందండి.

గోదావరి గట్టు (రాజమండ్రి):

బాబూ, లేచి రావడం తప్పు కాదు. కానీ లేచి ఇంటికి కాకుండా ముందుకి వెళ్ళాల్సింది. నేను యాభై ఏళ్ళుగా చేస్తున్న పని అదే. గుడి మండపంలో బాక్సులు రెండు పక్కలా జనం వైపు తిప్పి పెడతారు. వేదికకి ఆనుకుని, ఆ బాక్సుల వెనక్కి వచ్చేలా పక్కగా కూర్చుంటే నేరుగా గొంతు, నేరుగా వయొలిన్ వినిపిస్తాయి. మొదట ఎవరైనా వింతగా చూస్తారు, తరువాత పట్టించుకోరు. మృదంగం వైపు కాకుండా వయొలిన్ వైపు కూర్చో.

రికార్డింగ్‌కీ కచేరీకీ తేడా ఎక్కడ తెలుస్తుందంటే తని ఆవర్తనంలో, అంటే మృదంగం ఒక్కటే వాయించే భాగంలో. రికార్డింగ్‌లో తని వస్తే నేనే ముందుకి జరిపేస్తాను, ఒప్పుకుంటున్నాను. కచేరీలో మాత్రం తని మొదలవగానే సగం మంది ప్రసాదానికి లేస్తారు చూడు, అప్పుడు మిగిలినవాళ్ళం దగ్గరికి జరుగుతాం, తాళం వేస్తాం, మృదంగం ఆయన మన చేతులకేసి చూసి ఇంకో నడక ఎత్తుకుంటారు. చివర్లో ముక్తాయింపు, అదే ముగింపు వరస, సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకి వచ్చి పడేసరికి అక్కడున్న పదిమందికీ ఒక్కసారే ఊపిరి వదిలినట్టుంటుంది. ఇది ఏ పెట్టెలోనూ దొరకదు.

అలాగని రికార్డింగ్‌ని తక్కువ చేయను. నా చదువంతా రేడియోలోనే జరిగింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది, నేను ఊహ తెలిసి వినేనాటికి పొద్దున్నే భక్తిరంజని, వోలేటి గారి సంగీత శిక్షణ, శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి జాతీయ సంగీత కార్యక్రమం. గంటన్నర కచేరీ. మా నాన్న పొలం నుంచి వచ్చి, అన్నం తిని, అరుగు మీద పడుకుని వినేవాడు. డబ్బు లేనివాడికి హిందుస్తానీ వాళ్ళూ తంజావూరు వాళ్ళూ అరుగు మీదికి వచ్చి పాడిన రోజులవి.

కేసెట్ల సంగతి. నావి 60 నేనే ఎక్కించుకున్నాను, కాబట్టి చెప్పగలను. బూజు పట్టినవి ముందు విడిగా తీసి పెట్టు. వాటిని మంచి ప్లేయర్‌లో పెట్టకు, ఆ బూజు హెడ్‌కి అంటుకుని తరువాత పెట్టిన కేసెట్లకి పాకుతుంది. మిగతావి ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరకి, మళ్ళీ వెనక్కి పూర్తిగా తిప్పు. ఏళ్ళ తరబడి చుట్టుకుని ఉన్న టేపు పొరలు అంటుకుపోయి ఉంటాయి, నేరుగా ప్లే చేస్తే కీచుమంటుంది, లాగుతుంది. లోపల చిన్న స్పాంజి ముక్క లాంటిది ఉంటుంది, టేపుని హెడ్‌కి అదిమి పట్టేది, అది రాలిపోయి ఉంటే చెత్త కేసెట్లోది తీసి అతికించు. నాలుగైదు కేసెట్లకోసారి హెడ్ స్పిరిట్‌తో తుడువు. హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, కేసెట్ మసకగా వినిపిస్తే దాన్ని కొంచెం కొంచెం తిప్పితే తేటపడుతుంది, అప్పట్లో మీ నాన్నగారి టేప్‌రికార్డర్ హెడ్ ఏ వాలులో ఉందో ఇప్పుడు మనం ఆ వాలుకి రావాలి.

ఎక్కించేటప్పుడు ఎంపీత్రీ చేయకు. మామూలు సీడీ నాణ్యతలో నిమిషానికి 10 ఎంబీ పడుతుంది, నీ 110 గంటలకి కలిపి 70 జీబీ దాటదు, ఒక చిన్న పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తుంది. రోజుకి ఒకటి చొప్పున నాలుగు నెలల్లో అయిపోతుంది. ఇంకొక్క మాట, రొద తీసే సాఫ్ట్‌వేర్‌కి ఆశపడకు. మీడియం వేవ్‌లో వచ్చిందానికి పై స్థాయి శబ్దాలు అసలే తక్కువ, రొదతో పాటు తంబురా కూడా పోతుంది. నేను మొదటి పది కేసెట్లు అలా పాడుచేసుకున్నాను.

మైకుసెట్టు రావులపాలెం:

నేను మైకు సెట్టు పనిలో ఉన్నానండి, పెళ్ళిళ్ళు, తీర్థాలు, ఆర్కెస్ట్రాలు, హరికథలు అన్నీ చేస్తాను. పైన చెప్పిన గుడి నాది కాదు కానీ అదే పని నేనూ చేసినవాణ్ణేనండి, మొదట్లో. అందుకని అటు వైపు ఏం జరుగుతుందో చెబుతాను.

కమిటీ వాళ్ళు మాకు చెప్పేది "ఊరంతా వినపడాలి" అని. జగ్గన్నతోటలో కనుమ రోజు ప్రభల తీర్థానికి కట్టే సెట్టు, నలభై మంది కూర్చునే కచేరీకి కట్టే సెట్టు ఒకటే అనుకుంటారండి. చెట్లకి హారన్లు కట్టమంటారు. హారన్‌లో మాట అర్థమవుతుంది, పాట బతకదు. ఎకో ఎందుకు పెడతామంటే, పెళ్ళి ఆర్కెస్ట్రాలో పాడేవాళ్ళు అది లేకపోతే ఊరుకోరు, మిక్సర్ మీద ఆ నాబ్ ఎప్పుడూ సగానికి తిప్పి ఉంటుంది, కచేరీకి వచ్చినా దాన్ని ఎవరూ సున్నాకి తేరు. గుడి మండపం రాతిది, దానికి సొంతంగానే మోత ఉంటుంది, దాని మీద మేం ఇంకో మోత పెడతాం. అంతేనండి మీ తోడి పాడైపోవడానికి కారణం.

మృదంగం సంగతి కూడా అంతే. డోలుకి పెట్టినట్టు మైకు చర్మానికి బెత్తెడు దూరంలో పెడతారు. ఎడమ వైపు రవ్వ ముద్ద అంటించి ఉంటుంది కదండి, దానితో ఆ దెబ్బ బాగా లోతుగా వస్తుంది, మైకు అంత దగ్గరుంటే అది గుండెకే తగులుతుంది. ఒక జానెడున్నర దూరం జరిపి, కింద స్థాయి కొంచెం తగ్గిస్తే చాలు.

కూత ఎందుకు వస్తుందంటే, పాడేవాళ్ళకి తమ గొంతు తమకి వినపడదు. ఎదురుగా చిన్న బాక్సు పెట్టం. వాళ్ళు చెయ్యి ఎత్తి పెంచమంటారు, మేం బయటి బాక్సులు పెంచుతాం, అది తిరిగి మైకులోకి వెళ్తుంది. ముందే వాళ్ళకి ఒక మానిటర్ పెడితే ఆ గొడవ ఉండదు. నాకు ఇదంతా నేర్పింది ఒక వయొలిన్ పెద్దాయన, కచేరీ ఆపి, నన్ను తిట్టకుండా పక్కన కూర్చోబెట్టుకుని ఇప్పుడు విను అని వాయించి చూపించారు. ఆ రోజు నుంచి నేను శాస్త్రీయానికి హారన్లు కట్టనండి, కమిటీ అలిగినా సరే.

హరికథ వాళ్ళతో మాకు ఇబ్బంది తక్కువ. కపిలేశ్వరపురం పాఠశాలలో నేర్చుకుని వచ్చిన అమ్మాయిలు చిరతలు పట్టుకుని ఆడుతూ కూడా మైకుకి ఎంత దూరంలో ఉండాలో చూసుకుంటారు, పై స్థాయికి వెళ్ళేటప్పుడు తల పక్కకి తిప్పేస్తారు, మనం నాబ్ ముట్టుకోనక్కర్లేదు.

మీరు చేయాల్సిందల్లా ఒకటేనండి. వచ్చే ఏడు కచేరీకి అరగంట ముందు వెళ్ళి, మైకు అబ్బాయికి ఒక టీ ఇప్పించి, ఎకో తీసేయమని నెమ్మదిగా అడగండి. కమిటీ చేత చెప్పిస్తే వినడు. మీరు అడిగితే వింటాడు, ఎందుకంటే ఎలా ఉందని మమ్మల్ని ఎప్పుడూ ఎవరూ అడగరు. జనరేటర్ పడమర గాలి వైపు కాకుండా గుడి గోడ అవతలకి జరపమని కూడా చెప్పండి, వైరు మా దగ్గర ఉంటుంది.

కొత్త శ్రోత (భీమవరం):

నాకు రాగాలు తెలియవండి. టీవీ పోటీలో ఒక పాప శాస్త్రీయ పాట పాడితే నచ్చి, ఫోన్‌లో వెతుక్కుని, అలా వింటూ ఇక్కడిదాకా వచ్చాను. కాబట్టి ఆ పోటీల్ని మరీ తీసిపారేయకండి. కానీ ఒకటి అడగాలి. నేను ఇయర్‌ఫోన్స్‌లో బైక్ మీద, ఆఫీసులో పని చేసుకుంటూ వింటాను. మొన్న మొదటిసారి కచేరీకి వెళ్తే రెండు గంటలు కదలకుండా కూర్చోలేకపోయాను, చెయ్యి ఫోన్ మీదికి పోతోంది. ఇది అందరికీ ఉంటుందా, కొన్నాళ్ళకి పోతుందా?

కాకినాడ వీణ:

భీమవరం తమ్ముడికి ముందు చెబుతాను. పోతుంది. మొదటి మూడు నాలుగు కచేరీలు సగం వరకే ఉండు, తప్పేం లేదు. తాళం చేత్తో వేస్తూ విను, చెయ్యికి పని ఉంటే ఫోన్ గుర్తు రాదు. నేను పిల్లలకి చెప్పేది కూడా అదే.

నేను వీణ నేర్పుతాను, పాతికేళ్ళు అయింది. రికార్డింగులు లేకపోతే నా పని సగం జరగదు. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారు, మా కాకినాడలో పుట్టిన ఆయన శిష్యులు చిట్టిబాబు గారు, ఇద్దరూ గోదావరి వాళ్ళే. చిట్టిబాబు గారు 1996లో పోయారు. ఇప్పుడు నా దగ్గర నేర్చుకుంటున్న పిల్లల్లో ఆయన ఉండగా పుట్టినవాళ్ళు ఒక్కరూ లేరు. తీగె లాగి నాలుగు స్వరాలు ఒకే మెట్టు మీద పలికించడం అంటే ఏమిటో నేను నోటితో ఎంత చెప్పినా, ఆయన రికార్డు ఒక్క నిమిషం వినిపిస్తే పిల్లల కళ్ళు పెద్దవవుతాయి.

కానీ రికార్డింగ్‌తో ఒక చిక్కుంది. పాత 78 ఆర్పీఎమ్ ప్లేటు ఒక పక్క మూడు నిమిషాల చిల్లర. ఆ రోజుల్లో మహానుభావులు రాగాన్ని ఆ మూడు నిమిషాల్లో ఇమిడ్చారు, అది వాళ్ళ గొప్పతనం. పిల్లలు మాత్రం రాగమంటే అంతేననుకుంటారు. ఒకే రికార్డింగ్ వందసార్లు విని, అందులోని ఊపిరి తీసుకునే చోటుతో సహా దించేస్తారు. అదే విద్వాంసుడు మర్నాడు అదే కృతి ఇంకోలా వాయించి ఉంటాడని వాళ్ళకి తోచదు. అందుకే నెలకి ఒక్కటైనా కచేరీకి తీసుకెళ్తాను, బాగున్నా బాగోకపోయినా. మా ఊళ్ళో వందేళ్ళు దాటిన సరస్వతీ గానసభ ఉండటం మా అదృష్టం.

టీవీ గురించి నాకు అసలు కోపం కెమెరా మీద. గాయకుడు ఆలాపన ముగించి వయొలిన్‌కి వదిలితే, వయొలిన్ వాయిస్తున్నంతసేపూ గాయకుడు మంచినీళ్ళు తాగడం చూపిస్తారు. వీణ కచేరీ అయితే ముఖం చూపిస్తారు, ఎడమ చెయ్యి చూపించరు. నేర్చుకునేవాళ్ళకి కావలసింది ఆ చెయ్యే. శబ్దం కూడా అంతే, వీణలో మీటు తరువాత నాదం సన్నబడుతూ పోతుంది, గమకమంతా, అంటే స్వరాన్ని ఊపి పలికించడమంతా, ఆ సన్నబడే భాగంలోనే ఉంటుంది, ఈ పలచటి టీవీల స్పీకర్లు వెనక్కో కిందికో తిరిగి ఉంటాయి, ఆ భాగం మనదాకా రాదు.

కోనసీమ శ్రోత గారూ, అందుకని మీ నాన్నగారికి ఒక పని చేయండి. టీవీ నుంచి వైరు లాగి పాత స్పీకర్లు ఉంటే వాటికి కలపండి, ఆయన కుర్చీకి రెండు పక్కలా చెవి ఎత్తులో పెట్టండి. టీవీ సెట్టింగుల్లో సరౌండ్, బేస్ పెంచేవి అన్నీ తీసేయండి. మన సంకరగుప్తంలో పుట్టిన బాలమురళి గారు లవంగి అని నాలుగే స్వరాల రాగం కల్పించారు, స రి మ ద, అంతే, పంచమం కూడా లేదు. అలాంటిది వినాలంటే ఆ స్వరాల చుట్టూ శ్రుతి నిండి ఉండాలి. టీవీలో అది ఎప్పుడూ ఎండిపోయి వినిపిస్తుంది. స్పీకర్లు మారిస్తే అదే రికార్డింగ్‌లో తంబురా తిరిగి కనపడుతుంది, మీరే చూస్తారు.

కోనసీమ శ్రోత:

ఇంతమంది ఇంత ఓపిగ్గా చెప్పినందుకు అందరికీ దండాలండి. ఆలస్యంగా రాస్తున్నాను, చేసి చూశాక రాద్దామని ఆగాను.

అటక మీద పాత స్పీకర్లు ఉన్నాయి, తెచ్చి కలిపాను. టీవీకి కాదు, నేరుగా కేసెట్ ప్లేయర్‌కి. రోజూ సాయంత్రం ఒకటి ఎక్కిస్తున్నాను, అది నడుస్తున్న గంటా నాన్నగారు పక్కనే కుర్చీలో ఉంటారు. టీవీ ఆ గంట కట్టేస్తున్నారు, నేను అడగలేదు. ఇప్పటికి 37 అయ్యాయి, బూజువి 14 పక్కన పెట్టాను.

మీకు ఒకటి చూపించాలి. ప్రతి కేసెట్ అట్ట మీదా ఆయన రాగం పేరు, తేదీ రాసుకున్నారు. తెలియని చోట ప్రశ్నార్థకం. 29వ దాని మీద 1983లో రాసింది ఇలా ఉంది: "దర్బారా? నాయకియా?" ఎవరు పాడారో కూడా లేదు, మొదలు తెగిపోయింది. ఆయన మూడు రోజులుగా అదే వేయించుకుంటున్నారు. ఆలాపన ముక్క నలభై సెకన్లు ఇక్కడ పెట్టాను. వీణ టీచర్ గారూ, కొంచెం చెప్పగలరా?

కాకినాడ వీణ:

ఎంత మంచి సందేహమండీ! ఈ రెండు రాగాల దగ్గర విద్వాంసులే తడబడతారు. రెండూ ఖరహరప్రియ అనే మూల రాగంలోంచి వచ్చినవే, రెండింటికీ అవే స్వరాలు, తేడా అంతా నడకలో ఉంటుంది. దర్బారులో గాంధారం "గ గ రి స" అని జంటగా నొక్కి పలుకుతుంది, నిషాదం కూడా "ని ని ద ప" అని అలాగే. కొంచెం చురుగ్గా నడుస్తుంది. నాయకి నిదానస్తురాలు. నిషాదానికి అంత బలం ఇవ్వదు, ధైవతం నుంచి పంచమానికి ఒరుగుతూ దిగుతుంది.

నేను ఏదని చెప్పను, నాన్నగారు నలభై ఏళ్ళుగా అడుగుతున్న ప్రశ్నకి ఆయనే జవాబు చెప్పుకోవాలి. ఇరవయ్యో సెకను దగ్గర నిషాదం వచ్చే చోటు ఒక్కటి గమనించమనండి. జంటగా నొక్కారా, తాకి వదిలేశారా.

కోనసీమ శ్రోత:

చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని ఆ ముక్క ఐదుసార్లు వేయించుకున్నారు. మధ్యలో అమ్మ కాఫీ తెస్తే చేత్తో ఆగమన్నారు. తరువాత కళ్ళజోడు, పెన్ను అడిగి, "దర్బారా?" కొట్టేసి, "నాయకియా?" లో చివరి "యా", ప్రశ్నార్థకం కొట్టేసి, పక్కన ఇవాళ్టి తేదీ వేశారు.

సరిగ్గానే రాశారా టీచర్ గారూ?

కాకినాడ వీణ:

నాయకే. ఆయనకి నా నమస్కారం చెప్పండి.